ఎనిమిదెకరాల విడాకులు

అది 1982. చిత్తూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో నేను పెన్షన్ సీటు చూసేదాన్ని. మా భాషలో సీటు అంటే కుర్చీ కాదు, ఆ పని మొత్తం. ఉద్యోగి రిటైరైనా, సర్వీసులో ఉండగానే పోయినా, ఆయన తాలూకు కాగితాలన్నీ సిద్ధం చేసి హైదరాబాదుకు పంపాలి. అక్కడ మంజూరైతే ఇక్కడ ట్రెజరీలో నెలనెలా డబ్బిస్తారు. పోయినవాడి భార్యకు వచ్చేదాన్ని ఫ్యామిలీ పెన్షన్ అంటారు. వినడానికి సులువుగానే ఉంటుంది. భార్య ఎవరో తేల్చాల్సి వచ్చినప్పుడే మా తల ప్రాణం తోకకు వచ్చేది.

నాకు మొదట్నుంచీ అనుమానం పాలు కాస్త ఎక్కువ. పాలవాడు చిక్కటి పాలు పోస్తే, ఇవాళేమిటి ఇంత ప్రేమ అని గిన్నెలోకి తొంగిచూసే రకాన్ని. ఆఫీసులో నన్ను చాటుగా సి.ఐ.డి. సరోజమ్మ అనేవాళ్లు. చాటుగా అంటున్నామని వాళ్లనుకునేవాళ్లు గానీ నాకు అన్నీ వినపడేవి. నేనేమీ బాధపడలేదు. పెన్షన్ సీటులో కూర్చున్న మనిషికి అనుమానం లేకపోతే చచ్చినవాళ్లు కూడా వచ్చి సంతకాలు పెట్టిపోతారు.

మునిరత్నం మా ఆఫీసు మనిషే. పక్క హాల్లో భూసంస్కరణల సెక్షన్లో పనిచేసేవాడు. ల్యాండ్ సీలింగ్ చట్టం వచ్చాక ఎవరికెంత భూమి ఉందో రైతులు డిక్లరేషన్లు ఇచ్చారు. పరిమితికి మించి ఉన్నదాన్ని ప్రభుత్వం తీసుకునేది. ఆ డిక్లరేషన్లు పరిశీలించడం ఆయన పని. మెత్తటి మనిషి, మాట పైకి వినపడేది కాదు. ప్రతి శనివారం సాయంత్రం వడమాలపేట దగ్గర సొంతూరికి పోయి, సోమవారం పొద్దున మొదటి బస్సుకు వచ్చేవాడు. వచ్చేటప్పుడు చేన్లో కాసిన శనక్కాయలు ఉడకబెట్టించి తెచ్చి అందరికీ పంచేవాడు. నేనూ తిన్నాను.

ఆ ఏడు వానాకాలంలో గుండెపోటు వచ్చి పోయాడు. యాభై ఏళ్లు కూడా లేవు. పక్కింటావిడ ఎవరో ఆసుపత్రికి తీసుకొచ్చిందని, అప్పటికే ఆలస్యమైపోయిందని చెప్పుకున్నారు. మా ఆఫీసు మగవాళ్లు శవాన్ని వ్యానులో ఊరికి చేర్చి, అంత్యక్రియలు చూసి వచ్చారు. మంచివాడు పోయాడని అందరం రెండు రోజులు అనుకున్నాం.

నెల తిరిగాక ఆయన భార్య చెంగమ్మ మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం. నేను ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ మరిది దేవరాజులే జవాబు చెబుతున్నాడు. ఇలా ఒకరినడిగితే మరొకరు చెప్పడం నాకు గిట్టదు.

“ఏమప్పా, పోయింది మీ వదిన మొగుడా, నీ మొగుడా? పో, పోయి టీ తాగి రా” అన్నాను.

అతను గొణుక్కుంటూ బయటికి పోయాడు. నాకొక పద్ధతి ఉండేది. పెళ్లి ఎప్పుడైంది, ఎక్కడైంది అని అడిగితే ఎవరైనా నేర్చుకుని వచ్చి అప్పజెబుతారు. ఇంట్లో సంగతులు అడిగితే నేర్పినవాడికి కూడా తెలియవు. అందుకని అవే అడిగేదాన్ని.

“ఆయనకు తినడానికి ఏమంటే ఇష్టం?”

“సంగటమ్మా. సంగటీ, నంజుకునేదానికి ఊరిబిండీ. శనివారం ఆయన బస్సు దిగేటికి పొయ్యి మింద ఉండల్ల. చల్లారిపోతే కోపమొస్తాది.”

“నిద్రలో?”

“ఎడం పక్కకే తిరుగుతాడు. గురక చెప్పబళ్లేదు. మా సుగుణ చెవుల్లో దూది పెట్టుకొని పండుకుంటాది.” సుగుణ వాళ్ల కూతురు. అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ ఒక్క పిల్లే.

“చిత్తూర్లో ఆయన ఉండే ఇల్లు ఎక్కడ?”

ఆమె తల వంచుకుంది. “తెలీదుమా. రూము అన్నాడు. మగోళ్లుండే చోటు, నువ్వు రాగూడదన్నాడు.”

“ఇన్నేళ్లలో ఒక్కసారన్నా చూడలేదా?”

“లేదుమా.”

అప్పుడు పట్టుకుంది నాకు అనుమానం. మొగుడు పడుకునే గది గడప కూడా చూడని పెళ్లాం ఉంటుందా? ఏదో తేడా ఉందనుకుని కాగితాలు తీసుకున్నాను గానీ ముందుకు కదపలేదు.

ఆ మరుసటి వారం ఇంకొకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. భుజం మీద ఎర్రదారం ముక్క ఒకటి అంటుకుని ఉంది, కుట్టుమిషను మీంచి లేచి వచ్చినట్టుంది. పేరు వళ్లియమ్మ అనీ, తమది తమిళ సరిహద్దున ఉన్న నగరి పక్క అనీ చెప్పుకుంది.

“నేను మునిరత్నం గారి భార్యనక్కా.”

“ఏ మునిరత్నం?”

“మీ పక్క హాల్లో కూర్చునేవారే, ఆయన.”

నేను ఆమెను కిందికీ మీదికీ చూశాను. ఉద్యోగి పోతే ఇలాంటివాళ్లు ఎక్కడెక్కడినుంచో పుట్టుకొస్తారు, మాకు కొత్త కాదు. వచ్చిన నవ్వు ఆపుకుని అదే ప్రశ్న వేశాను. ఆయనకు తినడానికి ఏమంటే ఇష్టం?

“దోసెలు. పొద్దున పోసినా మాపటేల పోసినా సరే అంటారు. రాగి మాత్రం ముట్టరు. కడుపులో మంట అంటారు.”

దొరికావులే అనుకున్నాను. వారం వారం సంగటి తినే మనిషికి రాగి పడదా! ఇక పంపించేద్దామనుకుంటూ ఊరికే అడిగాను, నిద్ర సంగతి ఏమిటని.

“ఎడం పక్కకు తిరిగే పడుకుంటారు. ఆ గురకకు ఇంటిగలామె రెండుసార్లు తలుపు తట్టింది.”

ఎడం పక్క, గురక, రెండూ చెంగమ్మ చెప్పినవే. ఆసుపత్రికి తీసుకొచ్చిన పక్కింటావిడ ఎవరో అప్పుడర్థమైంది. అదే అడిగాను.

“తీసకపోయింది నేనే అక్కా. మీ ఆఫీసోళ్లు వచ్చి వ్యాన్లో ఎక్కిస్తావుంటే గేటు కాడ నిలబడి చూసినాను. నువ్వెవరని ఒక్కరూ అడగలేదు. నేనుగా చెప్తే గొడవైపోతుందని గమ్మనుండిపోయినాను.”

“చూడమ్మా, ఆయనకు ఊళ్లో భార్య ఉంది. ఉండగా నిన్ను చేసుకున్నా అది పెళ్లి కాదు.”

“ఆమా, అవునక్కా, అందరూ అట్లే అంటారని తెలుసు” అని సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్లమీద పెట్టింది. ఒకటి తిరుపతి కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ. మునిరత్నం, చెంగమ్మ ఇద్దరూ ఒప్పుకుని 1977లో తీసుకున్నది. రెండోది ఆ తర్వాత రెండేళ్లకు వళ్లియమ్మతో జరిగిన రిజిస్టరు పెళ్లి సర్టిఫికెట్. రెంటినీ తిరగేసి, వెలుతురుకు పట్టి చూశాను. సీళ్లు సరిగానే ఉన్నాయి. అయినా నా మనసొప్పక కోర్టుకు రాయించాను. నిజమైన డిక్రీయే అని జవాబు వచ్చింది.

అప్పుడు నా కోపమంతా చెంగమ్మ మీదికి మళ్లింది. విడాకులు తీసుకుని, ఆ ముక్క మింగేసి, ఏమీ ఎరగనట్టు పెన్షనుకు వస్తుందా? కబురు పెట్టి పిలిపించాను. మా సూపరింటెండెంటు వరదాచార్యులు గారి బల్ల పక్కనే ఆమెను నిలబెట్టి అడిగాను.

“విడాకులు తీసుకున్నావా లేదా?”

ఆమె అటూ ఇటూ చూసి, ఇంటి గుట్టు చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. “అది ఉత్తిదేమ్మా.”

“ఉత్తి విడాకులేంది?”

“కాగితం వరకే. నేల కోసరం. అప్పుడు గవర్నమెంటోళ్లు నేలలు తీసుకుంటావుండ్రి గదా. మొగుడూ పెండ్లాం ఒకటిగా ఉంటే నేలంతా ఒకే లెక్కలోకొస్తాది, యేరుపడినట్టు కాగితముంటే ఇద్దరికీ చెరి సగం నిలుస్తాదని ఆయన చెప్పినాడు. జడ్జి ఏమడిగినా ఔననమన్నాడు. అన్నాను. ఆ పొద్దు కోర్టులోంచి బయటికొచ్చి నాకు మూర పూలు కొనిచ్చినాడు. ఇద్దరం ఒకే బస్సులో ఇంటికొచ్చినాం. ఆయన పోయే ముందు శనివారం దాకా ఇంటికొస్తానే ఉండె. ఇంగ విడాకులేందమ్మా?”

నిజం చెప్పాలంటే ఆమె మాట నేను నమ్మాను. ఆ రోజుల్లో భూమి కాపాడుకోవడానికి కాగితం మీద విడిపోయిన మొగుడూపెళ్లాల కథలు మేము చాలానే విన్నాం. ఒకే ఇంట్లో కాపురం చేస్తూ కోర్టులో మాత్రం ముఖాలు తిప్పుకునేవాళ్లు. అయ్యో, నేల కోసం చేసిన పని ఈమె మెడకు చుట్టుకుందే అని జాలిపడ్డాను. జాలిపడుతూనే, అలవాటు కొద్దీ ఇంకొక ప్రశ్న అడిగాను.

“ఎంత నేల మీది?”

“ఎనిమిదెకరాలు.”

“తరీనా, అంటే మాగాణా?”

“మా పక్క తరి యాడిదమ్మా? మెట్టే. శెనక్కాయ ఏస్తాం. బావి కింద ఒక ముక్క తడుస్తాది.”

మెట్ట భూమి తక్కువలో తక్కువ ముప్పై అయిదు ఎకరాలు దాటితే గానీ ఆ చట్టం ఎవరి జోలికీ పోదు. ఆ సంగతి మా ఆఫీసుకు టీ తెచ్చే మనిషికి కూడా తెలుసు. వరదాచార్యులు గారు కూడా విన్నారు. అద్దాల మీంచి నా వైపు చూసి, వద్దు, చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపారు.

నేను చెప్పకుండా ఉండగలిగే మనిషిని కాను. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

“చెంగమ్మా, ఎనిమిదెకరాలకు ఆ చట్టమే లేదు. నువ్వు విడాకులు తీసుకోకపోయినా మీ నేలను ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.”

“ఆ సంగతి ఆయనకు తెలిసుండదు లేమ్మా” అంది చెంగమ్మ.

నేను పక్క హాలు చూపించాను. “ఆయన చేసిన పనే అది. ఎవరికెంత నేల నిలుస్తుందో, ఎవరిది పోతుందో రోజంతా తేల్చింది ఆయనే. ఆ కుర్చీలోనే.”

చెంగమ్మ ఆ కుర్చీ వైపు చూసింది. అందులో అప్పటికే ఇంకెవరో కూర్చుని రాసుకుంటున్నారు. ఆమె మెల్లగా గోడకానుకుని నేలమీదే కూర్చుండిపోయింది. ఏడవలేదు.

“అట్లయితే ఆ పొద్దు నాకు పూలేల కొనిచ్చినాడు?” అంది.

వరదాచార్యులు గారు లేచి ఆమెకు మంచినీళ్లు తెప్పించారు. మోసంతో ఒప్పించాడని కోర్టుకెళ్లి డిక్రీ కొట్టేయించవచ్చు కదా సార్ అని నేనడిగితే, ఆయన నెమ్మదిగా చెప్పారు. “కేసు వెయ్యచ్చు. కానీ ఈమె కూడా జడ్జి ముందు కలిసి ఉండటం లేదని చెప్పిందే కదమ్మా సరోజా. అప్పుడు అబద్ధమాడాను అని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఆ మనిషా, లేడు. ఏళ్లు పడుతుంది.” చెంగమ్మ తల అడ్డంగా ఊపింది. కోర్టు పేరు ఎత్తొద్దంది.

నాకు మాత్రం నిద్రపట్టలేదు. ఇదంతా వళ్లియమ్మ కోసం చేశాడా, ఆమె కూడా ఇందులో ఉందా అని తొలిచేసింది. మళ్లీ ఆమెను పిలిచాను. ఆయన నీకు ఎప్పుడు పరిచయం అని అడిగితే 78లో, చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు అంది. విడాకులు అంతకు ముందే అయిపోయాయి. వాళ్ల ఇంటి ఓనరమ్మను విడిగా అడిగాను, ఆమె కూడా అదే మాట చెప్పింది. మరి అప్పుడు ఎవరి కోసం? వేరే ఎవరైనా ఉన్నారా? లేక ఊరికే ఒక తలుపు తెరిచి పెట్టుకున్నాడా, ఎప్పుడు కావలిస్తే అప్పుడు పోవచ్చునని? ఇప్పటికీ నాకు తెలియదు. తెలియకపోవడం నాకు ఇప్పటికీ మంటే.

“వాళ్లావిడ ఇష్టం లేక వదిలేసి పోయిందని నాతో చెప్పినారక్కా” అంది వళ్లియమ్మ. “శనివారం పాపను చూడను పోతానంటే, పాపం తండ్రి ప్రాణం గదా అని నేనే పొమ్మనేదాన్ని. ఆడ సంగటి తినేవారా?”

“తినేవాడు.”

“మా అమ్మ ప్రేమగా చేసిపెడితే నాకు పడదని చెయ్యి కడుక్కున్నారే!” అంది. తర్వాత ఆమెకు కూడా నా జబ్బే అంటుకున్నట్టుంది. “అక్కా, నా పెండ్లి కాగితం నిజమైందేనా? ఇంకొకసారి చూడండి” అంది. చూశాను. నిజమైనదే.

రూలు ప్రకారం తేలిందేమిటంటే వళ్లియమ్మ భార్య, చెంగమ్మ ఎవరూ కాదు. ఆ ఎవరూ కాదు అన్నది నా చేత్తో రాయాలంటే చెయ్యి రాలేదు. పెన్షన్ రూల్సు మళ్లీ మొదట్నుంచీ చదివాను. ఒకచోట ఉంది. విడాకులైన భార్యకు హక్కు లేదు గానీ, ఆమె కడుపున పుట్టిన బిడ్డ ఉంటే, విడాకులు కాకపోయి ఉంటే తల్లికి ఎంత భాగం వచ్చేదో అంత ఆ బిడ్డకు ఇవ్వాలి. ఆడపిల్లయితే పెళ్లయ్యేదాకా, లేదా నిర్ణయించిన వయసు దాకా. పిల్ల మైనరు కాబట్టి గార్డియన్, అంటే సంరక్షకురాలు, తల్లే. పుస్తకం పట్టుకుని వరదాచార్యులు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన రెండుసార్లు చదివి, రాయమ్మా, నోట్ పెట్టు అన్నారు.

ఇద్దరు భార్యలుంటే చెరి సగం, కాబట్టి సగం సుగుణకు పోతుందని చెబితే వళ్లియమ్మ ముఖం మాడిపోయింది. ఎందుకు మాడదు? ఆమెకూ మిషను తప్ప ఇంకే ఆధారమూ లేదు. అయినా, “ఆయన బిడ్డే గదా, తిననీ” అంది. లేచి రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది. “పెండ్లయ్యేదాకా అంటున్నారే, పిల్లకు పెండ్లి చేసి చెప్పకుండా దాచిపెడితే?”

“దానికే నేనున్నాను” అన్నాను. ఆ మాటకు కొంచెం నవ్వింది.

చెంగమ్మకు రెండు కాగితాలు పంపించాం. విడాకులైనందున భార్యగా ఆమె పెట్టుకున్న అర్జీని తిరస్కరిస్తున్నామని ఒకటి, కూతురి తరఫున అర్జీ పెట్టుకోమని ఒకటి. కూతురితో కలిసి తీయించుకున్న ఫోటో కూడా తెమ్మన్నాం.

ఆ కేసు తర్వాత నా అనుమానం పోయిందని మీరు అనుకుంటారేమో. ఏమీ పోలేదు, ఇంకా పెరిగింది. కాకపోతే దిక్కు మార్చుకుంది. అప్పటిదాకా నేను అనుమానించిందంతా బల్లకు అవతల నిలబడినవాళ్లనే. చెమటలు కక్కుతూ బస్సు దిగి వచ్చినవాళ్లు, మాట తడబడేవాళ్లు, సంతకం రానివాళ్లు. ఇవతల ఫ్యాను కింద కూర్చుని మాతో టీ తాగిన మనిషిని ఒక్కరోజు కూడా అనుమానించలేదు. అప్పట్నుంచి ఏ ఉద్యోగి పోయినా, వచ్చిన ఆడమనిషిని ప్రశ్నలడిగే ముందు, పోయినవాడు ఎలాంటివాడో మొదట విచారించేదాన్ని. చచ్చిపోయినంత మాత్రాన ఎవరూ మంచివాళ్లు అయిపోరు.

ఫోటో తీసుకుని చెంగమ్మ దసరా సెలవులయ్యాక వచ్చింది, కూతురితో. నేను మొదట గుర్తుపట్టలేదు. నుదుట ఎర్రగా కుంకుమ బొట్టు, రెండు చేతులకూ నిండుగా ఎర్ర మట్టిగాజులు. ఫోటోలో కూడా అలాగే ఉంది. హాల్లో రాసుకుంటున్నవాళ్లు తలలెత్తి చూశారు.

“ఏంది చెంగమ్మా ఇది?”

“ఏముండాదమ్మా? ఆయన పోయిన పదోపొద్దు ఊరంతా చేరి బొట్టు చెరిపినారు, గాజులు పగలగొట్టినారు. సూస్తే మీరేమో ఆయన పోయేటికి అయిదేండ్ల ముందర్నుంచే నేను పెండ్లాన్ని గాదని రాసిస్తిరి. పెండ్లాం గానిదానికి గాజులేల పగలగొట్టల్ల? అంగట్లో కొని ఏసుకున్నాను.”

“మీ మరిది ఊరుకున్నాడా?”

“ఎగిరినాడు, దూకినాడు. మీరు పంపిన కాగితం చేతికిచ్చి, సదువుకోరా నాయనా అన్నాను. సదువుకొని గమ్మనైపోయినాడు.”

సుగుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను కూడా పకపకా నవ్వేశాను. ఫోటో మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి, దాన్ని అటెస్టేషన్ అంటారు. పట్టుకెళ్లి వరదాచార్యులు గారి ముందు పెట్టాను, ఆయన ద్వారా లోపలికి పంపాలి కదా. పెద్ద నామం పెట్టుకునే ఆచారపరుడు. ఫోటోను చూసి, చెంగమ్మను చూసి, ఇబ్బందిగా కదిలారు.

“రూల్లో బొట్టు గురించి ఏమీ లేదు సార్” అన్నాను. “ఫోటోలో మనిషీ ఈమే ఒకరా కాదా, అంతే.”

ఆయన ఫోటో తీసుకుని లోపలికి వెళ్లి, సంతకంతో తిరిగొచ్చారు. నేను దాన్ని అర్జీకి అంటించి, మిగిలిన గళ్లు నింపుతున్నాను. చెంగమ్మ బల్లమీదికి వంగి ఒక గడి మీద వేలుపెట్టింది.

“ఈడ ఏం రాస్తారు?”

“పోయినాయనకు గార్డియన్ ఏమవుతుందో రాయాలి. విడాకులు పొందిన భార్య అని.”

“అది కొంచెం పెద్దచ్చరాలతో రాయండమ్మా” అంది.

రాశాను.